వీడియో గేమ్ కథానాయకుణ్ణి తెలుగులో ఏమని పిలవాలి?

న్యూఢిల్లీ: దక్షిణ ఢిల్లీలోని సరోజినీ నగర్ మార్కెట్‌లో దుస్తులు అమ్మేవారికి ఎదుట నిలిచిన మనిషిని అంచనా వేయడానికి రెప్పపాటు కాలం చాలు. ఎగుమతి కోసం తయారై, చిన్న లోపంతోనో, లెక్కకు మించి మిగిలిపోవడం వల్లనో ఇక్కడికి చేరిన చొక్కాల గుట్టల వెనుక నుంచి వారు ఒకరిని ‘దీదీ’ అంటారు, మరొకరిని ‘ఆంటీజీ’ అంటారు, ఇంకొకరిని ‘భయ్యా’ అనో ‘సర్‌జీ’ అనో పిలుస్తారు. వయసు, స్త్రీ పురుష భేదం, హోదా, కొనుగోలు శక్తి, అన్నీ ఆ ఒక్క పిలుపులో ఇమిడి ఉంటాయి. పిలుపు తప్పితే బేరం చెడుతుంది. ముప్ఫై ఏళ్ల మహిళను ‘ఆంటీజీ’ అన్న వ్యాపారి ఒక గిరాకీని పోగొట్టుకున్నట్లే.

రోల్ ప్లేయింగ్ గేమ్‌లలో, అంటే ఆడేవారే ఒక పాత్రను ధరించి కథను నడిపించే ఆటల్లో, అచ్చంగా ఇటువంటి బజార్లు కనిపిస్తాయి. అక్కడి దుకాణదారు కూడా కథానాయకుణ్ణి పలకరిస్తాడు. కానీ అతనికి కళ్లు లేవు. ఎదుట నిలిచినది పల్లెటూరి కుర్రవాడో, మారువేషంలోని రాకుమార్తో అతనికి తెలియదు. రచయిత ముందుగా రాసిపెట్టిన వాక్యమే అతని నోట వెలువడుతుంది. ఆంగ్లంలో ఆ వాక్యం ఎవరికైనా సరిపోతుంది. తెలుగులో సరిపోదు. ఈ చిన్న వ్యత్యాసం ప్రధాన పాత్ర రూపకల్పననే మార్చివేయగలదు.

అంకెలు, వ్యక్తిత్వం

ఈ తరహా ఆటలకు మూలం కంప్యూటర్ కాదు, కాగితం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో ప్రతి ఆటగాడి ముందూ ఒక పత్రం ఉండేది. బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అనే ఆరు గుణాలకు మూడు పాచికలు వేసి, 3 నుంచి 18 వరకు వచ్చిన అంకెను ఆ పత్రంలో రాసుకునేవారు. అక్కడికి పాత్ర పుట్టినట్లే. మనిషిని ఆరు అంకెలుగా విడగొట్టవచ్చునన్న ఆ ఆలోచన అర్ధశతాబ్దం తర్వాత కూడా చెక్కుచెదరలేదు. ఆట సాగేకొద్దీ అంకెలు పెరుగుతాయి. గేమ్ పరిభాషలో పాత్ర ‘అభివృద్ధి’ అంటే చాలాకాలం ఇంతే.

అంకెల వెనుక మనిషి ఎవరన్న ప్రశ్న తర్వాత వచ్చింది. 1985లో రిచర్డ్ గారియట్ రూపొందించిన ‘అల్టిమా 4’ ఆటలో పాచికలు లేవు. ఆరంభంలోనే ఆటగాడికి కొన్ని ధర్మసంకటాలు ఎదురవుతాయి. సత్యానికి కట్టుబడాలా, కరుణకు తలొగ్గాలా? ఇచ్చిన సమాధానాలను బట్టి పాత్ర స్వభావం నిర్ణయమవుతుంది. ఎనిమిది సద్గుణాలను సాధించడమే ఆ ఆట లక్ష్యం. వాటిని సాధించినవారికి గారియట్ పెట్టిన పేరు ‘అవతార్’. దిగిరావడం అనే అర్థంతో మన పురాణాల్లో స్థిరపడిన మాట అలా తెర మీదికి చేరి, ఇప్పుడు ప్రొఫైల్ బొమ్మ దాకా వచ్చింది.

అంకెనూ మనసునూ గట్టిగా ముడివేసిన ఇటీవలి ఉదాహరణ 2019 నాటి ‘డిస్కో ఎలిజియం’. అందులో నాయకుడు గతాన్ని మరిచిపోయిన పోలీసు డిటెక్టివ్. అతని 24 నైపుణ్యాలు కేవలం అంకెలు కావు. అవి అతని తలలో వినిపించే గొంతులు. ఒకటి సలహా ఇస్తుంది, మరొకటి రెచ్చగొడుతుంది, ఇంకొకటి అబద్ధం చెబుతుంది. ఏ అంకె పెంచితే ఆ గొంతు బిగ్గరగా వినిపిస్తుంది. పాత్ర నిర్మాణం గురించి తెలుసుకోగోరేవారికి ఈ ఒక్క ఆట పది పాఠ్యపుస్తకాల పెట్టు.

ఖాళీ పాత్రా, నిండు పాత్రా?

ప్రధాన పాత్రను రూపొందించేటప్పుడు తేల్చుకోవలసిన మొదటి విషయం రూపం కాదు, ఖాళీ. పాత్రలో ఆటగాడి కోసం ఎంత చోటు వదలాలి? 1986లో జపాన్‌లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’ నాయకుడు దాదాపు మౌని. మాట్లాడడు కనుక అతనికి ఆటగాడి మనసునే తొడగవచ్చు. దీనికి పూర్తి విరుద్ధం ‘ద విచర్ 3’ నాయకుడు గెరాల్ట్. పోలెండ్ రచయిత ఆంద్రే సాప్కోవ్‌స్కీ కథల్లో అతని గతం, గొంతు, ప్రేమలు, విసుగు అన్నీ ముందే స్థిరపడ్డాయి. 2015లో ఆ ఆట ఆడినవారు గెరాల్ట్ ఏం చేయాలో ఎంచుకున్నారే తప్ప, గెరాల్ట్ ఎవరో ఎంచుకోలేదు.

ఈ రెంటికీ నడుమ ఉన్న ఆటలకు ఒక విచిత్రమైన తలనొప్పి ఉంది. ఆటగాడు తనకు నచ్చిన పేరు పెట్టుకుంటాడు, స్త్రీగానో పురుషుడిగానో ఆడతాడు. అప్పుడు మిగతా పాత్రలు అతణ్ణి ఏమని పిలవాలి? 2007లో వచ్చిన ‘మాస్ ఎఫెక్ట్’ దీనికి తెలివైన ఉపాయం కనిపెట్టింది. మొదటి పేరు ఏదైనా పెట్టుకోవచ్చు, ఇంటిపేరు మాత్రం ‘షెపర్డ్’. అందరూ ఆ ఇంటిపేరుతోనో, ‘కమాండర్’ అనే హోదాతోనో పిలుస్తారు. పురుష రూపానికి మార్క్ మీర్, స్త్రీ రూపానికి జెన్నిఫర్ హేల్ గొంతు ఇచ్చారు. ఎదుటివారి సంభాషణలు చాలావరకు ఇద్దరికీ అవే. 2015 నాటి ‘ఫాల్‌అవుట్ 4’లో ఇంటి మరబొమ్మ చేత పలికించడానికి వందల పేర్లను రికార్డు చేయించి పెట్టారు. 2020లో వచ్చిన ‘సైబర్‌పంక్ 2077’ ఇంకా పొదుపు చూపి, నాయకుడి పేరును ‘వీ’ అనే ఒక్క అక్షరానికి కుదించింది.

దేవతను పక్కన పెట్టి...

భారతీయ ఆటల విషయంలో ఈ ఖాళీ ప్రశ్నకు మరో కోణం తోడవుతుంది. మన వద్ద నాయకులకు కొరత లేదు. రాముడు, అర్జునుడు, దుర్గ, హనుమంతుడు ఇప్పటికే సిద్ధంగా ఉన్నారు. కానీ వారు నిండు పాత్రలు. రాముడు ఏ సందర్భంలో ఏమి చేస్తాడో ఆటగాడి కన్నా ముందే ఆటగాడి నాయనమ్మకు తెలుసు. అలాంటి పాత్రకు ఎంపికలు ఇస్తే పురాణం చెడుతుంది, ఇవ్వకుంటే ఆట చెడుతుంది.

పుణె నగరానికి చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’ కోసం ఎన్నుకున్న మార్గం ఈ కారణంగానే గమనించదగ్గది. శ్రుతి ఘోష్, అవిచల్ సింగ్, ఇయాన్ మాడ్ స్థాపించిన ఈ చిన్న సంస్థ ఆటను 2020 ఆగస్టులో మొదట నింటెండో స్విచ్‌పై, అక్టోబరులో ఇతర వేదికలపై విడుదల చేసింది. ఖచ్చితంగా చెప్పాలంటే ఇది రోల్ ప్లేయింగ్ గేమ్ కాదు, సాహసకృత్యాల ఆట. అయినా నాయిక నిర్మాణంలో ఇది చెప్పే పాఠం రెంటికీ వర్తిస్తుంది. రాజీ దేవత కాదు, రాజకుమారి కాదు. విన్యాసాలు చేసి పొట్టపోసుకునే ఒక సామాన్య బాలిక. అసురులు ఆమె తమ్ముడు గోలును ఎత్తుకుపోతారు. దుర్గ ఆమెకు ఆయుధమిచ్చి పంపుతుంది. దేవతలు ఉన్నారు, అయితే వారు కథ చెప్పేవారు, వ్యాఖ్యానించేవారు. గోడలెక్కేదీ, కిందపడేదీ, తమ్ముణ్ణి వెతికేదీ ఆ పిల్లే.

ఆమె వృత్తి కేవలం కథకు అలంకారం కాదు. ఆట నియమాలను అదే సమర్థిస్తుంది. స్తంభాన్ని పట్టుకుని గిర్రున తిరిగి శత్రువును తన్నడం, గోడ మీద పరుగెత్తి ఎగిరి దూకడం రాజీ ఎలా చేయగలుగుతున్నదన్న సందేహం ఎవరికీ రాదు. చేసే పనికీ, చేసే మనిషికీ పొంతన కుదరడమే మంచి పాత్రకు గీటురాయి. ఛాయాకృతి, అంటే రంగులూ వివరాలూ తీసివేసి నల్లని నీడగా చూసినప్పుడు కూడా పాత్రను గుర్తించగలగడం, చిత్రకారులు పెట్టే మరో పరీక్ష. తోలుబొమ్మలాట చూసి పెరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. తెర మీద నీడ కదలగానే అది హనుమంతుడో, జుట్టు పోలిగాడో పసిపిల్లలు సైతం చెప్పగలరు. ‘రాజీ’లోనూ కథను ముందుకు నడిపే కొన్ని ఘట్టాలను నీడబొమ్మల రూపంలోనే చూపించారు. ఆ ఏడాది ‘ద గేమ్ అవార్డ్స్’లో ఉత్తమ తొలి స్వతంత్ర గేమ్ విభాగంలో దీనికి నామినేషన్ లభించింది.

తెలుగు నేల విషయానికి వస్తే, హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ను తెచ్చింది. పేరులోనే అది ఎవరి పక్షమో తెలుస్తుంది. నాయకుడు సంపాదించే శక్తుల వృక్షం ప్రతి ఆటలోనూ కొత్తగా అల్లుకోవడం దాని ప్రత్యేకత. ఒకసారి గెలిచిన పద్ధతి మరోసారి పనికిరాదు. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. దేశంలోని గేమ్ రూపకర్తల వార్షిక సదస్సుకు కూడా హైదరాబాద్ వేదికగా నిలిచింది. గేములు తయారుచేసే చేతులకు తెలుగునాట లోటు లేదు. లోటు ఉన్నది గేముల్లో వినిపించే మాటకు. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్ల మంది. అయినా పేరున్న పెద్ద ఆటల భాషల జాబితాలో తెలుగు కనిపించడం అరుదు.

క్రియాపదంలో దాగిన చిక్కు

ఆ జాబితాలో తెలుగు చేరిన రోజున ఏమవుతుంది? ఆంగ్ల సంభాషణలను వరుసగా తెలుగు చేసి పెడితే సరిపోతుందని అనిపించవచ్చు. సాధారణంగా గేమ్ సంభాషణలు ఒక పట్టికలో విడివిడి వాక్యాలుగా అనువాదకుల చేతికి వస్తాయి. చాలాసార్లు సన్నివేశం కనబడదు. ఎవరు ఎవరితో అంటున్నారో తెలియదు. ‘ఆలస్యంగా వచ్చావు’ అనే భావం గల ఆంగ్ల వాక్యం ఒకటి ఉందనుకుందాం. అన్నది రాజు అయితే ‘వచ్చావు’, సేవకుడు అయితే ‘వచ్చారు’, బాల్యమిత్రుడు అయితే ‘వచ్చావేంరా’, నాయిక అయితే ‘వచ్చావేమే’. ఆంగ్లంలో ఒక్కటిగా ఉన్న వరుస ఇక్కడ నాలుగు వరుసలవుతుంది.

ఈ విషయంలో తెలుగుకు ఒక సౌలభ్యమూ ఉంది. సరోజినీ నగర్ దుకాణదారు మాట్లాడే హిందీలో ఎదుటి మనిషిని ‘ఎప్పుడు వచ్చావు’ అని అడగాలన్నా స్త్రీ పురుష భేదం తెలియాలి. పురుషుడైతే ‘ఆయే’, స్త్రీ అయితే ‘ఆయీ’. తెలుగులో ‘నువ్వు ఎప్పుడు వచ్చావు’ ఇద్దరికీ ఒకటే. ‘నేను వచ్చాను’ అని నాయకుడన్నా, నాయిక అన్నా ఒకటే. కాబట్టి ఆటగాడు తన పాత్రను స్త్రీగా ఎంచుకున్నా, పురుషుడిగా ఎంచుకున్నా ముఖాముఖి సంభాషణల్లో అధికభాగం మార్చనక్కర లేదు.

అయితే ఈ సౌలభ్యం నమ్మదగినది కాదు. ‘వచ్చావు’ అన్నంతవరకు క్షేమమే. ‘నువ్వు మంచివాడివి’ అనవలసి వచ్చినప్పుడు ‘మంచిదానివి’ అనే రెండో రూపం అవసరమవుతుంది. చనువు పెరిగి ‘రారా’ అంటే ‘రావే’ కూడా కావాలి. ఇక మూడో మనిషి గురించి మాట్లాడినప్పుడు దారి పూర్తిగా చీలిపోతుంది. ‘వచ్చాడు’ పురుషుడికి. స్త్రీకి ‘వచ్చింది’. పశువుకూ, బండికీ కూడా అదే ‘వచ్చింది’. మహత్తు, అమహత్తు అని మన వ్యాకర్తలు చేసిన ఈ విభజన మీద ఎన్ని ఆక్షేపణలున్నా, ప్రతి వాక్యంలోనూ అది పలుకుతూనే ఉంటుంది. దీని నుంచి తప్పించుకునే మార్గం ఒక్కటే: ‘వచ్చారు’. గౌరవ బహువచనంలో స్త్రీ పురుష భేదం మాయమవుతుంది. 2023 నాటి ‘బాల్డర్స్ గేట్ 3’ వలె స్త్రీ, పురుష సర్వనామాలు రెండూ వద్దనుకునే పాత్రలకు అవకాశమిచ్చే ఆటలకు కూడా ‘వారు వచ్చారు’ అనే రూపం సిద్ధంగా దొరుకుతుంది.

కానీ గౌరవం ఊరకే వచ్చేది కాదు. మొదటి సన్నివేశంలో, ఊరి చెరువుగట్టు మీద పశువులు కాచుకునే కుర్రవాణ్ణి గురించి గ్రామాధికారి ‘వారు వచ్చారు’ అంటే వినేవారు నవ్వుతారు. పైగా గౌరవానికి తెలుగునాట ఒకటే కొలత లేదు. తెలంగాణ పల్లెల్లో ‘నువ్వు’ అన్నంత మాత్రాన తక్కువ చేసినట్లు కాదు. ‘అన్నా, నువ్వు చెప్పు’ అన్నప్పుడు గౌరవమంతా ‘అన్నా’లో ఉంది. కోస్తా జిల్లాల్లో అదే మాటకు ‘మీరు చెప్పండి’ కావాలి. కథ ఎక్కడ జరుగుతున్నదో నిర్ణయించకుండా నాయకుణ్ణి పలకరించడమే సాధ్యం కాదు.

పేరు, దాని తోక

‘షెపర్డ్’ ఉపాయం ఇక్కడ పనిచేయదా? పనిచేయదు. తెలుగువారికి ఇంటిపేరు ఉంది కానీ, దానితో మనిషిని పిలిచే అలవాటు తక్కువ. పేరు చివర వచ్చే రెడ్డి, శాస్త్రి, నాయుడు వంటి మాటలతో పిలుస్తారు. కానీ అవి కులాన్ని చెబుతాయి. ఆటగాడికి ఇవ్వదలచిన ఖాళీని అవి క్షణంలో నింపేస్తాయి. ‘కమాండర్’ వంటి హోదా కొంత నయం. డాక్టరుగారు, మాస్టారు, సర్పంచి అనే పిలుపులు తెలుగు వాడుకలో సహజంగా ఒదుగుతాయి.

ఆటగాడు టైపు చేసిన పేరును వాక్యంలో అతికించడం మరో సమస్య. ఆంగ్లంలో పేరు చెక్కుచెదరదు. తెలుగులో ప్రతి పేరుకూ విభక్తి తగులుతుంది. ఈ మార్కెట్‌కు పేరిచ్చిన సరోజినీ నాయుడినే తీసుకుంటే, 1879లో హైదరాబాద్‌లో బెంగాలీ కుటుంబంలో పుట్టి, తెలుగువాడైన వైద్యుడు ముత్యాల గోవిందరాజులు నాయుడిని వివాహమాడిన ఆమె పేరులోనే పాఠమంతా ఉంది. సరోజిని అయితే ‘సరోజినికి’, సీత అయితే ‘సీతకు’. ఇకారం తర్వాత ‘కి’, అకారం తర్వాత ‘కు’. నాయుడు అయితే చివరి ‘డు’ కాస్తా ‘డి’గా మారి ‘నాయుడికి’. పైపెచ్చు ‘నాయుడు’ రూపంలో పుంలింగం, ఆ పేరు గల వ్యక్తి స్త్రీ. పిలిచేటప్పుడు లక్ష్మి ‘లక్ష్మీ’ అవుతుంది, రామయ్య ‘రామయ్యా’ అవుతాడు. ‘పేరు’ అనే ఖాళీ గడి పక్కన ‘కు’ అని రాసిపెట్టిన ప్రోగ్రామ్ మొదటి నిమిషంలోనే ‘సరోజినికు’ అంటుంది. ఆ క్షణాన తెర మీది ప్రపంచం మీద నమ్మకం పోతుంది.

వత్తుల సంగతి సరేసరి. అక్షరాలను సరిగా కూర్చే వ్యవస్థ లేని గేమ్ ఇంజిన్‌లలో ‘లక్ష్మి’ ముక్కలై కనిపిస్తుంది. 2023లో వచ్చిన గోడో 4 వంటి ఉచిత ఇంజిన్‌లు సంక్లిష్ట లిపులను అర్థం చేసుకుంటున్నాయి కనుక ఈ అవరోధం తొలగిపోతున్నది. వ్యాకరణం మాత్రం ఇంజిన్‌తో పాటు రాదు. దాన్ని రచయితే రాయాలి.

క్రియలో వినిపించే ఎదుగుదల

ఇంతవరకు చెప్పినదంతా ఇబ్బందిగా కనిపించవచ్చు. నిజానికి ఆంగ్ల రూపకర్తలకు లేని పనిముట్టు ఒకటి ఇక్కడ దాగి ఉంది. రోల్ ప్లేయింగ్ గేమ్‌కు ప్రాణం నాయకుడి ఎదుగుదల. అది అంకెల్లో తెలుస్తుంది, కొత్త కవచంలో తెలుస్తుంది. మనుషుల నోట తెలియాలంటే ఆంగ్ల రచయిత ప్రత్యేకంగా ప్రశంసా వాక్యాలు రాయాలి. తెలుగులో ప్రశంస అక్కరలేదు. ‘వాడు వచ్చాడు’ అన్న ఊరే కొన్నాళ్లకు ‘అతను వచ్చాడు’ అని, చివరికి ‘ఆయన వచ్చారు’ అని అంటే చాలు. నాయిక అయితే ‘అది వచ్చింది’, ‘ఆమె వచ్చింది’, ‘ఆవిడ వచ్చారు’. మాట ఒకటే, వార్త ఒకటే. మారినది సర్వనామం, క్రియ ముగింపు. అది చాలు, ఆడేవారికి తమ పాత్ర ఎంత దూరం వచ్చిందో తెలియడానికి.

దీన్ని వ్యతిరేక దిశలోనూ వాడవచ్చు. దొంగతనం చేస్తూ పట్టుబడిన నాయకుణ్ణి నిన్నటిదాకా ‘మీరు’ అన్న వర్తకుడు ‘నువ్వు’ అనడం జరిమానా కన్నా గట్టిగా తగులుతుంది. అంతవరకు ‘ఏరా’ అన్న మిత్రుడు హఠాత్తుగా ‘మీరు’ అంటే అది గౌరవం కాదు, స్నేహం తెగిపోయిందన్న కబురు. ఒక్క వివరణ వాక్యం లేకుండా ఇది ప్రతి తెలుగు ఇంట్లోనూ అర్థమవుతుంది.

ఆచరణలో ఇందుకు కావలసినది పెద్ద సాంకేతికత కాదు. ప్రధాన పాత్రకు బలం, తెలివి లెక్కించే పత్రంలోనే మరో వరుస చేర్చి, ఊరివారిలో ఎవరికి ఈ పాత్ర ఇప్పుడు ఏమవుతుందో రాసుకోవాలి. పెద్దా చిన్నా, వరుస కలిసేవారా కాదా, అన్నా, అక్కా, బాబూ, అమ్మా, ఏ పిలుపు చెల్లుతుంది, ఏ ఘట్టం తర్వాత మారుతుంది? అనువాదకులకు పంపే పట్టికలో ప్రతి వాక్యం పక్కన ఈ సమాచారం ఉంటే సగం పొరపాట్లు పుట్టకముందే పోతాయి. ఆటను మొదటి నుంచీ తెలుగులోనే రాస్తే ఆ పట్టిక రచయిత మనసులోనే ఉంటుంది.

అందరి పిలుపూ మారాలని కూడా లేదు. నాయకుడు రాక్షసుణ్ణి గెలిచి, సింహాసనం ఎక్కి, ఊరంతా ‘ప్రభూ’ అంటున్నా, చివరి ఘట్టంలో ఇంటి అరుగు మీద కూర్చున్న అమ్మమ్మ మాత్రం మొదటి సన్నివేశంలో అడిగినట్లే ‘ఒరేయ్, అన్నం తిన్నావా?’ అని అడగవచ్చు.